నీళ్లెన్ని, పూడికెంత: కారు బ్యాటరీ ఆరోగ్యం ఇంట్లోనే తేల్చుకోవడం

మీటర్ పెట్టి చూస్తే 12.6 వోల్టులు చూపించింది. బ్యాటరీ బ్రహ్మాండంగా ఉందనుకుని బానెట్ మూసేశారు. మర్నాడు పొద్దున్నే ఊరికి బయల్దేరి తాళం తిప్పితే సెల్ఫ్ రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. ఇదొక రకం పొరపాటు. రెండోది దీనికి పూర్తిగా ఎదురు. బండి స్టార్ట్ కాలేదు, మెకానిక్ వచ్చి మీటర్ పెడితే 11.9 చూపించింది, "బ్యాటరీ పోయింది సార్, మార్చేయాల్సిందే" అన్నాడు. వేలు పోసి కొత్తది వేయించుకున్నారు. మూడు వారాలు తిరక్కుండానే ఆ కొత్తదీ డౌన్ అయింది. తప్పు బ్యాటరీది కానే కాదు, దాన్ని ఛార్జ్ చేయాల్సిన డైనమోది.

ఈ రెండు పొరపాట్లకీ మూలం ఒకటే. బ్యాటరీలో ఇప్పుడు ఎంత ఛార్జ్ ఉందన్నది ఒక ప్రశ్న. అసలు అది ఎంత పట్టుకోగలదు, ఒక్కసారిగా అడిగితే ఎంత ఇవ్వగలదు అన్నది వేరే ప్రశ్న. మొదటిది ఛార్జ్, రెండోది ఆరోగ్యం. ఒకదాని జవాబును రెండోదానికి అంటగట్టడం వల్లే బాగున్న బ్యాటరీలు పాత సామాన్ల కొట్టుకి పోతున్నాయి, పోవాల్సినవి నడిరోడ్డు మీద ఆపేస్తున్నాయి.

ఊరి చెరువుని గట్టు మీద నిలబడి చూస్తే నీటిమట్టం కనిపిస్తుంది. అలుగు దాకా నీళ్లుంటే నిండినట్టే. కానీ ఏళ్ల తరబడి పూడిక తీయని చెరువు అలుగు పారుతున్నా ఆయకట్టుకి నాలుగు తడులు కూడా అందించలేదు. ఎండలు ముదరకముందే అడుగు కనిపిస్తుంది. మీటర్‌లో కనిపించే వోల్టేజ్ ఆ నీటిమట్టం లాంటిది. పూడిక సంగతి అది చెప్పదు. తూము ఎత్తి నీళ్లు వదిలి, మట్టం ఎంత వేగంగా పడిపోతోందో చూస్తేనే పూడిక ఎంతో తెలుస్తుంది. బ్యాటరీ పరీక్ష అంతా ఆ తూము ఎత్తడం గురించే.

ఈ పోలిక ఉత్త పోలిక కూడా కాదు. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే సీసం రేకులను సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచి తయారు చేసిన బ్యాటరీ సూత్రమే నేటికీ బానెట్ కింద పనిచేస్తోంది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి దాదాపు 2.1 వోల్టులు. కరెంట్ వాడినప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, యాసిడ్ పలచబడుతుంది. ఛార్జ్ ఎక్కితే ఆ సల్ఫేట్ కరిగి యాసిడ్ మళ్లీ చిక్కబడుతుంది. బ్యాటరీని డౌన్ అయిన స్థితిలో వారాల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారి ప్లేట్‌ని మూసేస్తుంది, ఇక మామూలు ఛార్జింగ్‌కి కరగదు. మరోవైపు ప్లేట్ల మీది పదార్థం ఏటేటా పొడిపొడిగా రాలి డబ్బా అడుగున నిజంగానే బురదలా పేరుకుంటుంది. చెరువుకి పూడిక తీయొచ్చు, బ్యాటరీకి తీయలేం. ఏదో పొడి కలిపితే పాత బ్యాటరీ కొత్తదవుతుందనే మాటలు నమ్మి డబ్బు పెట్టకపోవడం మంచిది. గట్టిపడిన సల్ఫేట్ కొంత కరిగినా, రాలిపోయిన ప్లేటు మళ్లీ అతుక్కోదు.

పరీక్షకు కావలసినవి ఎక్కువేం కావు. కొన్ని వందల రూపాయలకి డిజిటల్ మల్టీమీటర్ ఆన్‌లైన్లోనూ దొరుకుతుంది, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలోనూ దొరుకుతుంది. దాన్ని డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టాలి. ఎర్ర వైరు వోల్టుల సాకెట్‌లోనే ఉండాలి. పక్కనే 10 ఆంప్స్ సాకెట్ ఉంటుంది, వైరు అందులో ఉండగా ప్రోబ్‌లు బ్యాటరీకి ఆనిస్తే అది నేరుగా షార్ట్ సర్క్యూటే. మీటర్ లోపలి చిన్న బ్యాటరీ అడుగంటినా రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి స్క్రీన్ మీద బ్యాటరీ గుర్తు వెలిగితే ముందు అది మార్చాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. చేతికి బంగారు గాజులు, ఉంగరం, స్టీల్ చైన్ వాచీ ఉంటే తీసేయాలి. 12 వోల్టులు షాక్ కొట్టవు, కానీ ప్లస్ టెర్మినల్‌కీ బండి బాడీకీ మధ్య ఉంగరం పడితే వందల ఆంపియర్లు దాని గుండానే పోతాయి, క్షణంలో ఎర్రగా కాలి వేలికి అతుక్కుంటుంది. ఛార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

తూము మూసి ఉన్నప్పుడు

మొదటి రీడింగ్ రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే తీసుకోవాలి. తలుపు తీయగానే లోపలి లైట్లు, కంప్యూటర్లు మేల్కొంటాయి, అవి సద్దుమణిగే దాకా పది నిమిషాలు ఆగాలి. అప్పుడే తిరిగొచ్చిన బండికి చూస్తే 12.9 దాకా కనిపిస్తుంది. అది పైపైన తేలే ఛార్జ్, నమ్మకూడదు. ఆగే తీరిక లేకపోతే రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి, ఆర్పి, మరో ఐదు నిమిషాలకి చూడొచ్చు.

12.6 లేదా ఆ పైన ఉంటే నిండా ఛార్జ్ ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు. అంటే ఖాళీకీ నిండుకీ మధ్య తేడా ఒక వోల్టు కూడా లేదు, అందుకే పాయింట్ తర్వాతి అంకెలు ముఖ్యం. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగిపోయే కార్లలో వాడే ఏజీఎం రకం బ్యాటరీలకు ఈ అంకెలు ఇంకొంచెం ఎక్కువగా ఉంటాయి.

రాత్రంతా ఛార్జింగ్ పెట్టి ఆపాక కూడా మీటర్ 10.5 దగ్గరే ఆగిపోతే లెక్క తేలికే. ఆరింటిలో ఐదు సెల్సే పనిచేస్తున్నాయి, ఐదు రెళ్లు పది, పైన అర. ఒక సెల్ చనిపోయింది. ఈ ఒక్క సందర్భంలో మాత్రం వోల్టేజ్ ఆరోగ్యం గురించి కూడా సూటిగా చెప్పేస్తుంది.

తూము ఎత్తాక

అసలు పరీక్ష ఇది. సెల్ఫ్ మోటారు చిన్న పెట్రోల్ కారులో కూడా నూరు ఆంపియర్లకి పైనే లాగుతుంది, డీజిల్ అయితే ఇంకా ఎక్కువ. ఇంట్లో ఇంతకంటే గట్టి పరీక్ష పెట్టే సాధనం మరోటి ఉండదు, అది బండిలోనే ఉంది.

ముందు బ్యాటరీలో కనీసం 12.4 ఉండాలి. లేకపోతే పరీక్షకే అర్థం లేదు. మీటర్ ప్రోబ్‌లను రెండు టెర్మినళ్లకి పట్టి ఉంచి, స్క్రీన్ మీదకి ఫోన్ కెమెరా పెట్టి వీడియో ఆన్ చేసి, రెండో మనిషిని స్టార్ట్ చేయమనాలి. వీడియో ఎందుకంటే చవక మీటర్లలో అంకె సెకనుకి రెండు మూడు సార్లే మారుతుంది, ఇంజిన్ అందుకోవడానికి పట్టేది ఒక సెకనే. కంటితో చూస్తే జారిపోతుంది. తర్వాత వీడియోని మెల్లగా నడిపి చూసుకోవచ్చు.

బాగున్న బ్యాటరీకి ఆ వీడియోలో అంకెలు దాదాపు ఇలా వెళ్తాయి: 12.58, తాళం తిప్పగానే 10.4, తర్వాత 10.7, ఇంజిన్ అందుకోగానే 13.8, ఇంకాసేపటికి 14.2. పడింది, నిలబడింది, లేచింది. బలహీనపడిన బ్యాటరీది వేరేలా ఉంటుంది: 12.55, వెంటనే 9.3, 8.9, 8.7. మొదలు రెండింటిదీ ఇంచుమించు ఒకటే. పూడిక కనిపించేది తాళం తిప్పాక వచ్చే అంకెల్లో. మొదటి క్షణంలో వచ్చే లోతైన పల్లాన్ని పట్టించుకోనక్కర్లేదు, సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ ఎక్కడ నిలబడిందన్నదే చూడాలి. 10కి పైన ఉంటే దిగులు లేదు. 9.6 కంటే కిందికి వెళ్తే, బ్యాటరీలో ఛార్జ్ నిండుగానే ఉండి కూడా వెళ్తే, దాని రోజులు దగ్గరపడ్డాయి. ఈ 9.6 ఎవరో ఊహించి పెట్టిన అంకె కాదు. వర్క్‌షాపుల్లో లోడ్ పరీక్షకి ఎప్పటినుంచో వాడుతున్న హద్దు ఇదే: బ్యాటరీ సీసీఏలో (గట్టి చలిలో అది ఇవ్వగలిగే కరెంట్, వివరం కింద వస్తుంది) సగం కరెంట్‌ని 15 సెకన్లు లాగి, అప్పటికీ 9.6 నిలిచిందా లేదా అని చూస్తారు.

ఎందుకు పడిపోతుందో బడిలో చదివిన ఓమ్ సూత్రమే చెబుతుంది. బ్యాటరీ లోపల కూడా కొంత నిరోధం ఉంటుంది. అది ఓములో నూరో వంతు అనుకుంటే, 150 ఆంపియర్లు లాగినప్పుడు లోపలే 1.5 వోల్టులు పోతాయి, బయటికి 11.1 వస్తుంది. వయసు మీద పడి ఆ నిరోధం రెండింతలైతే 3 వోల్టులు లోపలే పోతాయి, బయటికి మిగిలేది 9.6. ఏమీ లాగనప్పుడు మాత్రం రెండు బ్యాటరీలూ 12.6 చూపిస్తాయి. కరెంట్ పారకపోతే నిరోధం తన ఉనికి చూపించదు కదా.

బ్యాటరీ మీదకి తీర్పు తోసే ముందు ఇంకో చోట చూడాలి, ఇక్కడే చాలామంది మోసపోతారు. టెర్మినల్ మీద తెల్లగానో, నీలం కలిసిన పచ్చరంగులోనో పొడి పట్టి ఉంటే, లేదా క్లాంపు చేత్తో కదిపితే కదులుతుంటే, బ్యాటరీ ఎంత మంచిదైనా సెల్ఫ్‌కి కరెంట్ చేరదు. టక్ టక్ మని చప్పుడు వస్తుంది, బండి లేవదు. దీన్ని కూడా మీటర్ పట్టిస్తుంది. ఒక ప్రోబ్‌ని బ్యాటరీ సీసపు పోస్ట్ నడినెత్తిన, రెండోదాన్ని దానికి బిగించిన క్లాంపు మీద పెట్టి స్టార్ట్ చేయమనాలి. అక్కడ దాదాపు సున్నా రావాలి. అర వోల్టు వచ్చిందంటే ఆ అతుకు దగ్గరే కరెంట్ ఆగిపోతోంది. ముందు మైనస్ క్లాంపు, తర్వాత ప్లస్ క్లాంపు ఊడదీసి, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, ఈసారి ముందు ప్లస్, తర్వాత మైనస్ బిగిస్తే సరి. పది రూపాయల వంటసోడాతో పోయే జబ్బుకి కొత్త బ్యాటరీ కొనిపించడం అన్యాయం.

ఇంజిన్ నడుస్తుండగా

స్టార్ట్ అయిన బండికి టెర్మినళ్ల దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటరు అన్నీ వేసి యాక్సిలరేటర్ కొంచెం తొక్కినా 13కి పైన నిలవాలి. ఇంజిన్ నడుస్తున్నా 12.4, 12.3 అంటూ దిగుతోందంటే డైనమో గానీ దాని బెల్టు గానీ పనిచేయడం లేదు. మొదట్లో చెప్పిన ఆ మూడు వారాల కొత్త బ్యాటరీ కథ ఇదే. నిలకడగా 15 దాటుతుంటే డైనమో వోల్టేజ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చెడింది, బ్యాటరీ లోపల నీళ్లు ఆవిరైపోతున్నాయి. ఇటీవలి కార్లలో చాలావాటికి డైనమోని కంప్యూటర్ నడిపిస్తుంది, ఇంధనం మిగల్చడానికి అప్పుడప్పుడు వోల్టేజ్ తగ్గిస్తుంది. అలాంటి బండిలో ఒక్క రీడింగ్ చూసి డైనమో పోయిందనుకోకూడదు, లైట్లన్నీ వేసి మళ్లీ చూడాలి.

ఇంకో మాట. బ్యాటరీ డౌన్ అయిన బండిని జంపర్ కేబుల్‌తో లేపి, అరగంట ఇంటి ముందు ఐడిల్‌లో ఉంచి, ఛార్జ్ అయిపోయిందనుకోవడం మామూలే. అంతసేపట్లో ఎక్కేది చాలా తక్కువ. ఖాళీ అయిన బ్యాటరీ నిండాలంటే గంటలు పడుతుంది. నాలుగైదు ఆంపియర్ల ఛార్జర్‌తో రాత్రంతా పెట్టి, తర్వాత ఒక పూట కదపకుండా ఉంచి, అప్పుడు పరీక్షించాలి. అలా నింపిన బ్యాటరీ వైర్లు ఊడదీసి ఉన్నా ఒక్క రోజులో 12.7 నుంచి 12.2కి దిగిపోతే, అది లోపల్లోపలే కారిపోతున్న చెరువు.

మూతలు ఉన్న బ్యాటరీ అయితే ఇంకో దారి ఉంది, ఇన్వర్టర్ మెకానిక్‌లు రోజూ చేసే పనే, గ్రావిటీ చూడటం, అంటే యాసిడ్ ఎంత చిక్కగా ఉందో కొలవడం. హైడ్రోమీటర్ రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే గాజు గొట్టంలోకి యాసిడ్ ఎక్కుతుంది, అందులో చిన్న తేలుడు బొమ్మ నిలబడిన చోట అంకె ఉంటుంది. నిండా ఛార్జ్ అయిన బ్యాటరీకి ఇది 1250, 1270 ప్రాంతంలో ఉంటుంది. వేడి ప్రాంతాల కోసం చేసిన వాటిలో యాసిడ్‌ని కాస్త పలుచగానే పోస్తారు కాబట్టి ఇంకొంచెం తక్కువ ఉన్నా కంగారు పడక్కర్లేదు. ముఖ్యమైనది ఒక్కో అంకె కాదు, ఆరు అంకెల మధ్య పొత్తు. 1250, 1245, 1250, 1180, 1250, 1245 అని వచ్చిందనుకుందాం. నాలుగో సెల్ డెబ్భై పాయింట్లు వెనకబడింది. తేడా యాభై దాటితే ఆ సెల్ పోతున్నట్టే, ఒక్క సెల్ పోతే బ్యాటరీ మొత్తం పోయినట్టే. ఈ పని చేసేటప్పుడు కళ్లజోడు ఉండాలి, పాత బట్టలు వేసుకోవాలి. నూలు చొక్కా మీద పడిన యాసిడ్ చుక్క అప్పుడు కనిపించదు, ఉతికాక అక్కడ కన్నం ఉంటుంది. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లలో లవణాలు ఇంకా మిగిలే ఉంటాయి, ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో దుమ్మూ లోహపు మడ్డీ ఉంటాయి. యాసిడ్ మాత్రం పోయనే కూడదు.

సీలు వేసిన కొన్ని బ్యాటరీల పైన చిన్న గాజు కన్ను ఉంటుంది. పచ్చగా ఉంటే బాగుందని చాలామంది ధీమా. ఆ కన్ను ఉన్నది ఒక్క సెల్‌కే. మిగతా ఐదింటి గురించి దానికి ఏమీ తెలియదు.

కొట్లో ఇచ్చే చీటీ

బ్యాటరీ కొట్లలో ఇప్పుడు చిన్న డిజిటల్ టెస్టర్ ఉంటోంది. రెండు క్లిప్పులు తగిలిస్తే క్షణాల్లో ఆరోగ్యం ఇన్ని శాతం అని చీటీ ఇస్తుంది. పనికొచ్చే యంత్రమే. కానీ అది కొలిచే అంకెని దేనితో పోల్చాలో మనిషే చెప్పాలి, అదే సీసీఏ. మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు, 7.2 వోల్టులకి తగ్గకుండా ఇవ్వగలిగిన కరెంట్‌ని సీసీఏ అంటారు. తిరుపతి దగ్గరి కరకంబాడి నుంచి వచ్చే అమరాన్ అయినా, మరో కంపెనీది అయినా, లేబుల్ మీద ఈ అంకె ఉందేమో ముందు వెతకాలి. లేబుల్ మీద 300 ఉంటే టెస్టర్‌లో 450 అని నొక్కితే, నిక్షేపంలాంటి బ్యాటరీ కూడా మార్చాలనే వస్తుంది. అందుకే చీటీ చేతికి రాగానే రెండు విషయాలు చూసుకోవాలి: టెస్టర్‌లో నొక్కిన సీసీఏ, లేబుల్ మీది సీసీఏ ఒకటేనా, పరీక్షించినప్పుడు బ్యాటరీలో ఛార్జ్ ఎంత ఉంది. డౌన్ అయిన బ్యాటరీకి తీసిన చీటీతో తీర్పు చెప్పకూడదు, ఛార్జ్ చేసి మళ్లీ తీయమని అడగాలి. వారంటీ ఉన్న బ్యాటరీని వెనక్కి తీసుకునే ముందు కంపెనీవాళ్లు చేసేదీ ఇదే, ఆ న్యాయం కొనేవాళ్లకీ వర్తించాలి.

ఇన్ని చేసినా అన్నీ బాగానే ఉన్నాయని తేలి, నాలుగు రోజులు బండి ఆపితే మాత్రం డౌన్ అవుతోందంటే, ఆపి ఉన్న బండే కరెంట్ తింటోంది. డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్ మామూలు అనుమానితులు. తాళం వేసిన బండి కొంత వాడుకోవడం సహజమే, 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సరే. అది కూడా రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్‌ని గంటసేపు లాగితే ఒక ఆంపియర్ అవర్), అంటే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నెల రోజుల్లో పూర్తిగా ఖాళీ అవుతుంది. కారుని ఇంటి దగ్గర వదిలి నెలన్నర అమెరికాలో పిల్లల దగ్గర ఉండొచ్చే పెద్దవాళ్లు బయల్దేరే ముందు మైనస్ క్లాంపు ఊడదీయించి వెళ్తే తిరిగొచ్చాక టెన్షన్ ఉండదు.

ఏ నెలలో పరీక్షించాలన్నది కూడా ఆలోచించాల్సిందే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యలు, వాటితోపాటు ప్లేట్ల తుప్పు, దాదాపు రెండింతలవుతాయని ఒక మోటు లెక్క ఉంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండకి నిలిపిన కారు బానెట్ కింద పరిస్థితి ఊహించుకోవచ్చు. అయినా చాలా బ్యాటరీలు ఆ మేలో చావవు. వేడిలో రసాయన చర్య చురుగ్గా ఉంటుంది, ఇంజిన్ ఆయిల్ పలచగా ఉంటుంది, బలహీనమైన బ్యాటరీ కూడా ఎలాగో లాక్కొస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున, ఆదిలాబాద్‌లో పది డిగ్రీల లోపుకి దిగిన రోజున, అదే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. నింద చలి మీద పడుతుంది, దెబ్బ కొట్టింది ఎండ. చికాగోలోనో టొరంటోలోనో ఉండే తెలుగువాళ్లకి ఈ తేడా ఇంకా గట్టిగా తగులుతుంది. మైనస్ 18లో బ్యాటరీ ఇవ్వగలిగేది వెచ్చటి రోజున ఇచ్చేదాంట్లో సగం కూడా ఉండదు, అక్కడ అక్టోబరులోనే పరీక్షించుకోవాలి. ఇక్కడైతే ఎండలు తగ్గి వానలు మొదలయ్యే జూన్‌లో ఒకసారి, దసరా దీపావళి ప్రయాణాలకి ముందు ఇంకోసారి చాలు.

పరీక్షించిన ప్రతిసారీ మూడు అంకెలు, తేదీ వేసి బ్యాటరీ పక్కన అంటించిన కాగితం టేపు మీద రాసి పెట్టుకోవాలి: ఆగి ఉన్నప్పుడు, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు. ఒక్కో బండి తీరు ఒక్కోలా ఉంటుంది, కొన్నిటికి మొదటి రోజు నుంచే సెల్ఫ్ తిరిగేటప్పుడు 10.2 వస్తుంది, కొన్నిటికి 11 వస్తుంది. అందువల్ల పక్కింటి కారుతో కాదు, అదే కారు ఆరు నెలల కిందటి అంకెతో పోల్చాలి. మధ్య అంకె 10.8 నుంచి 10.6కి, 10.5కి వస్తూ ఉంటే అది మామూలు వయసు. 10.5 నుంచి ఒక్క ఆరు నెలల్లో 9.8కి పడితే, బండి ఇంకా ఒక్కసారి కూడా మొరాయించకపోయినా, నచ్చిన కొట్టుకి వెళ్లి నాలుగు ధరలు అడిగి, పాత బ్యాటరీకి ఎంత తగ్గిస్తారో బేరమాడుకునే వ్యవధి ఇంకా చేతిలో ఉన్నట్టు. ఆ పాతదాన్ని కొట్లోనే ఇచ్చేయాలి. సీసం పూర్తిగా తిరిగి వాడుకోదగ్గ లోహం, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు కూడా తయారీదారుల మీద ఆ బాధ్యత పెట్టాయి. యాసిడ్ మాత్రం ఇంటి మురుగు కాలువలో పారబోయకూడదు.